మార్చకముందు ఏముందో రాసుకున్నారా?

ఆదివారం రాత్రి పదిన్నర. నల్లగండ్ల హుడా లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. తెల్లవారితే పదింటికి మా అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ, అదీ ఆన్‌లైన్‌లో. అప్పటికే రెండు కంపెనీలు ఆఖరి రౌండ్ దాకా రానిచ్చి కాదన్నాయి. ఇది మూడోది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు.

ఇలాంటప్పుడు తండ్రి అనేవాడు ఊరికే కూర్చోలేడు కదా. మధ్యలో వీడియో ఆగిపోతే ఎలా అని నాకు బెంగ. ఫోన్‌లో వెతికితే ‘ఈ ఒక్క సెట్టింగ్ మార్చండి, నెట్ రాకెట్‌లా పరిగెడుతుంది’ అని ఒకాయన వీడియో కనిపించింది. అమ్మాయి నిద్రపోయాక లాప్‌టాప్ తెరిచాను. ఆయన ఏ అంకెలు కొట్టమంటే అవే కొట్టాను. ఓకే నొక్కాను. కింద వైఫై గుర్తు పోయి, దాని చోట చిన్న గ్లోబు వచ్చింది. ‘నో ఇంటర్నెట్’.

సరే, మళ్లీ పాతవి పెట్టేద్దాం అనుకున్నాను. పాతవి ఏంటి? గుర్తు లేదు. అసలు చూస్తేగా!

ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌ని దానికి కలిపాను. అదీ పనిచేయలేదు. ఇక్కడే నా చేతులు చల్లబడ్డాయి. ఇంటి నెట్ పోతే ఫోన్ నెట్ ఉందిగా అన్న ధీమా కూడా పోయింది. అప్పుడు చేశాను అసలైన ఘనకార్యం. రౌటర్ వెనక సన్నటి రంధ్రం ఉంటుంది చూడండి, అందులో పిన్నీసు గుచ్చి, లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా పట్టుకున్నాను. అంతవరకు ఒక్క లాప్‌టాప్‌కే నెట్ లేదు. ఆ తర్వాత ఇల్లు మొత్తానికీ లేదు.

పదకొండున్నరకి ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టాను. అందులో ఉండేది ఒక నెట్‌వర్క్ ఇంజనీరు. సొంతూరు వరంగల్ దగ్గర, ఉద్యోగం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. అర్ధరాత్రి డ్యూటీలు అలవాటు కాబట్టి మెలకువగానే ఉన్నాడు. అంతా విని ఒక్కటే అడిగాడు. 

“అన్నా, మార్చకముందు ఏముండెనో రాస్కున్నరా?”

“లేదు తమ్ముడూ.”

“ఫొటో గూడ తియ్యలే?”

“లేదు.”

నవ్వలేదు. “మా ఆఫీసుల గూడ సగం కథలు గిట్లనే మొదలైతయి” అన్నాడు.

పక్క కాలనీ గేటు నంబరు

లాప్‌టాప్ బాగవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ‘ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్’ అని ఇంగ్లీషులో కొట్టాడు. వైఫై బొమ్మ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో ‘ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4’. అక్కడున్నాయి నేను వేసిన అంకెలన్నీ. ఐపీ అడ్రస్, డీఎన్ఎస్ రెండిటినీ ‘ఆటోమేటిక్‌గా తీసుకో’ అనే గడికి మార్చి ఓకే కొట్టాడు. హాట్‌స్పాట్ అందుకుంది.

ఏం జరిగిందో మన గేటెడ్ కమ్యూనిటీ భాషలో చెప్పాడు. ఐపీ అడ్రస్ అంటే ఫ్లాట్ నంబరు. గేట్‌వే అంటే బయటికి వెళ్లే గేటు. డీఎన్ఎస్ అంటే ‘శర్మగారిల్లు ఎక్కడండీ’ అంటే ‘సీ బ్లాక్ 402’ అని చెప్పే సెక్యూరిటీ అతను. మామూలుగా ఇవన్నీ రౌటరే చూసి ఇస్తుంది, మనం ఏమీ రాయక్కర్లేదు. ఆ వీడియో ఆయన ఇంట్లో రౌటర్ చిరునామా 192.168.0.1. మా ఇంట్లో 192.168.1.1. అంటే నేను నా లాప్‌టాప్‌కి పక్క కాలనీ గేటు నంబరు ఇచ్చి, అందులోంచి బయటికి పొమ్మన్నాను. ఆ గేటు ఇక్కడ లేదు, అది ఎటు పోతుంది?

హాట్‌స్పాట్ ఎందుకు పనిచేయలేదంటే, ఆ పాత కంట్రోల్ ప్యానెల్ దారిలో రాసిన అంకెలు మన ఇంటి వైఫైకి మాత్రమే కాదు, లాప్‌టాప్‌లోని వైఫై అడాప్టర్‌కే అంటుకుంటాయి. ఏ వైఫైకి కలిపినా అవే అంకెలు. నేను ఆపద్ధర్మం అనుకున్న దారి కూడా నేను చెడగొట్టిన చోటు నుంచే వెళ్తోందన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో చాలా పెద్ద కంపెనీల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక రౌటర్. “దాన్ని ఎందుకు ముట్టిన్రు అన్నా?” అని మాత్రం కొంచెం కోపంగానే అడిగాడు. పిన్నీసుతో రీసెట్ కొడితే అది కొన్ననాటి స్థితికి పోతుంది. కనెక్షన్ ఇచ్చిన రోజు కేబుల్ అబ్బాయి అందులో ఎక్కించిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. అవి ఏమిటో మనకి తెలీదు, ఎప్పుడూ అడగలేదు. ఆ అబ్బాయి మర్నాడు పదకొండు దాటాకే వస్తానన్నాడు. ఇంటర్వ్యూ పదింటికి.

“వెనక్కి పోవుడు వేరే, మొదటికి పోవుడు వేరే” అన్నాడు మా ఇంజనీరు. రోల్‌బ్యాక్ అంటే నిన్న సాయంత్రం ఎలా ఉందో అక్కడికి వెళ్లడం. రీసెట్ అంటే ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అక్కడికి వెళ్లడం. ఈ రెండూ ఒకటేననుకుని పిన్నీసు పట్టుకునేవాళ్లు నాలాంటి వాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారని నా అనుమానం.

రాత్రి రెండింటికి వాచ్‌మన్

టీ తాగుతూ తన కథ ఒకటి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్త. హైదరాబాద్‌లో కూర్చుని, కరీంనగర్‌లో ఉన్న ఒక బ్రాంచి రౌటర్‌లో ఎవరెవరిని లోపలికి రానివ్వాలో చెప్పే జాబితా మారుస్తున్నాడు. ఒక్క లైను తప్పు పడింది. ఆ లైనుతో బయటివాళ్లతో పాటు తననీ బయటికి తోసేసింది రౌటర్. దిద్దుకోవాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే ఆ లైను దిద్దాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినట్టు.

రాత్రి రెండింటికి ఆ బ్రాంచి వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, బీరువా పక్కన పచ్చలైట్లు వెలిగే డబ్బా స్విచ్ ఒకసారి ఆపి వేయమన్నాడు. వేశాడు. అంతా పాతట్టుగా వచ్చేసింది.

ఎలా? ఆ తరహా రౌటర్లలో రెండు పుస్తకాలుంటాయి అనుకోండి. ఒకటి ఇప్పుడు నడుస్తున్నది, రెండోది సేవ్ చేసి పెట్టుకున్నది. మార్పులు మొదటి పుస్తకంలో వెంటనే అమలవుతాయి. సేవ్ అని చెప్పేదాకా రెండోదాంట్లోకి ఎక్కవు. కరెంటు పోయి వస్తే రౌటర్ చదివేది రెండో పుస్తకమే. మనవాడు ఇంకా సేవ్ కొట్టలేదు కాబట్టి బతికిపోయాడు. అలవాటు కొద్దీ సేవ్ కొట్టి ఉంటే, ఆ రాత్రి కరీంనగర్ బస్సు ఎక్కాల్సి వచ్చేది.

అప్పటినుంచి దూరంగా ఉన్న రౌటర్‌ని ముట్టుకునే ముందు దానికి ‘పది నిమిషాల తర్వాత నీ అంతట నువ్వే ఆఫ్ అయి ఆన్ అవ్వు’ అని ఆజ్ఞ ఇచ్చి మొదలుపెడతాడట. సిస్కో రౌటర్లలో ‘రీలోడ్ ఇన్’ అనేది ఇదే. పని సవ్యంగా అయితే ఆ ఆజ్ఞ రద్దు చేస్తాడు. తలుపు మూసుకుపోతే పది నిమిషాలు ఓపిక పట్టి కూర్చుంటాడు, అదే తెరుచుకుంటుంది.

జూనిపర్ వాళ్లు దీన్ని ఇంకా నాజూగ్గా చేశారు. ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అని చెప్పి మార్పు చేస్తే, మామూలుగా పది నిమిషాల్లోపు మళ్లీ వచ్చి ‘అవును, ఇదే ఉంచు’ అనాలి. అనకపోతే రౌటర్ తనంతట తనే పాత స్థితికి వెళ్లిపోతుంది, ఆఫ్ అయి ఆన్ అవ్వాల్సిన పని కూడా లేదు. పైగా పాత కాన్ఫిగరేషన్లు 49 దాకా వరుసగా దాచి ఉంచుతుంది. ఉబుంటు సర్వర్లలో ‘నెట్‌ప్లాన్ ట్రై’ అనే ఆజ్ఞకి గడువు 120 సెకన్లు. మైక్రోటిక్ రౌటర్లలో సేఫ్ మోడ్ పెట్టుకుని పనిచేస్తే, మధ్యలో మన కనెక్షన్ తెగిందంటే చేసిన మార్పులు రద్దయిపోతాయి.

ఇదేదో ఇంజనీర్ల విద్య అనుకోకండి. విండోస్‌లో స్క్రీన్ రిజల్యూషన్ మార్చినప్పుడు ‘ఈ మార్పు ఉంచాలా’ అని 15 సెకన్లు లెక్కపెడుతుంది చూశారా? జవాబు చెప్పకపోతే పాతదే పెట్టేస్తుంది. తెర నల్లబడిపోతే మీరు జవాబు నొక్కలేరని దానికి తెలుసు. అదే విండోస్ నెట్‌వర్క్ అంకెలు మార్చినప్పుడు మాత్రం ఏమీ అడగదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

లంచ్ టైమ్‌లో ఆగిన టీమ్స్

“నాలాంటోడు తప్పు చేస్తే ఒక ఇల్లు” అన్నాను, కొంచెం సిగ్గుపడుతూ. “పెద్దోళ్లు చేస్తే?” 

2023 జనవరి 25, బుధవారం. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం 12.35 ప్రాంతంలో టీమ్స్, ఔట్‌లుక్ ఆగిపోయాయి. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎన్ని మీటింగులు మధ్యలో తెగిపోయి ఉంటాయో. గచ్చిబౌలిలో అంత పెద్ద క్యాంపస్ ఉన్న మైక్రోసాఫ్ట్, బేగంపేటలో చదువుకున్న సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్, ఆ మధ్యాహ్నం చెప్పిన మాట ఏమిటంటే, కారణమని అనుమానిస్తున్న ఒక నెట్‌వర్క్ మార్పుని రోల్‌బ్యాక్ చేశాం, గమనిస్తున్నాం అని.

తర్వాత వాళ్లే బయటపెట్టిన వివరం చూస్తే నాకు నా వీడియో గుర్తొచ్చింది. ఒక రౌటర్‌కి ఐపీ అడ్రస్ మార్చాలి, అంతే పని. దానికి ఇచ్చిన ఒక ఆజ్ఞ వల్ల ఆ రౌటర్ తమ విశాల నెట్‌వర్క్‌లోని మిగతా రౌటర్లన్నిటికీ సందేశాలు పంపింది. అవన్నీ ఎవరికి ఎవరు పొరుగు, ఏ దారి ఎటు అని మొదటినుంచి లెక్కలు కట్టుకోవడం మొదలుపెట్టాయి. లెక్క తేలేదాకా ట్రాఫిక్ సరిగ్గా పంపలేకపోయాయి. అదే ఆజ్ఞ వేరే రకం పరికరం మీద ఒకలా, ఈ పరికరం మీద ఇంకోలా పనిచేస్తుంది. ఈ రకం మీద పూర్తిగా పరీక్షించకుండా వాడారు. చాలా భాగం రెండు గంటల్లోనే తేరుకున్నా, చివరి ఇబ్బందులు తీరేసరికి మన సాయంత్రం ఆరు దాటింది.

ఇంకాస్త వెనక్కి, 2021 అక్టోబర్ 4, సోమవారం రాత్రి తొమ్మిది దాటాక. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి మాయం. ఆ రాత్రి మన ఊళ్లో ఎంతమంది రౌటర్లు ఆపి వేశారో, నేనైతే మూడుసార్లు వేశాను. తప్పు మనది కాదు. ఆ కంపెనీ డేటా సెంటర్లని కలిపే వెన్నెముక లాంటి నెట్‌వర్క్‌లో ఎంత సామర్థ్యం ఉందో చూడడానికి ఇచ్చిన ఒక ఆజ్ఞ, మొత్తం లింకులనే దించేసింది. అలాంటి ఆజ్ఞల్ని ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రామ్‌లో లోపం ఉంది, అది ఆపలేదు. డేటా సెంటర్లు అందకపోవడంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు ‘మేం ఇక్కడున్నాం’ అని ప్రపంచానికి చెప్పడం మానేశాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతనే లేడు, ఇంకెవరికి ఏ ఇల్లు తెలుస్తుంది?

అసలు ఇబ్బంది ఆ తర్వాతది. దిద్దడానికి ఇంజనీర్లు వాడే దారులూ ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడ్డాయి. అత్యవసరానికి విడిగా పెట్టుకున్న నెట్‌వర్క్ కూడా పనిచేయలేదు. మనుషుల్ని డేటా సెంటర్లకి పంపారు. అక్కడ లోపలికి వెళ్లడమే గగనం. వెళ్లినా ఎవరు పడితే వాళ్లు ముట్టుకుని మార్చకుండా కట్టుదిట్టంగా కట్టిన పరికరాలవి. బయటివాళ్లని ఆపడానికి కట్టిన గోడ ఆ రాత్రి ఇంటివాళ్లనే ఆపింది. దాదాపు ఆరు గంటలు పట్టింది. పైగా ఒక్కసారిగా అన్నీ వేస్తే కరెంటు వాడకం ఎగసిపడుతుందని మెల్లమెల్లగా తెచ్చారు. మా హాట్‌స్పాట్ కథే, కాకపోతే స్థాయి వేరు.

కెనడాలో చుట్టాలున్నవాళ్లకి 2022 జులై 8 తెలిసి ఉండొచ్చు. రోజర్స్ అనే టెలికాం కంపెనీ తన ప్రధాన నెట్‌వర్క్‌ని ఏడు విడతల్లో మారుస్తోంది. అయిదు విడతలు సాఫీగా జరిగాయి. మొదట్లో ఆ పని మొత్తానికి ప్రమాదం ‘ఎక్కువ’ అని లెక్కగట్టారు. అయిదూ గండం లేకుండా గడిచేసరికి ఆరో విడతకి ‘తక్కువ’ అయింది. ఆరో విడతలో ఒక వడపోత నియమం తీసేశారు. దారుల సమాచారం వరదలా వచ్చి ప్రధాన రౌటర్లని ముంచేసింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఫోన్, నెట్ పోయాయి. దుకాణాల్లో డెబిట్ కార్డులు పనిచేయలేదు, చాలామందికి 911 అత్యవసర నంబరూ కలవలేదు. ఆ కంపెనీ ఉద్యోగుల ఫోన్లు కూడా ఆ కంపెనీవే కావడంతో వాళ్లలో వాళ్లు మాట్లాడుకోలేకపోయారు, పోటీ కంపెనీల సిమ్‌లు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఏ మార్పు వల్ల ఇదంతా జరిగిందో తేలడానికే 14 గంటలు పట్టింది. తేలితే కదా వెనక్కి తీసుకునేది.

మొత్తంలో నాకు నచ్చిన కథ మాత్రం క్లౌడ్‌ఫ్లేర్‌ది. 2022 జూన్ 21న ముంబైతో సహా 19 డేటా సెంటర్లలో ఒక మార్పు బెడిసికొట్టింది. వాళ్ల నెట్‌వర్క్‌లో అవి నాలుగు శాతమే, కానీ వచ్చే రిక్వెస్టుల్లో సగం వాటి మీదుగా పోతాయి. అందరూ కంగారుగా రోల్‌బ్యాక్ మొదలుపెట్టారు. ఒకరు వెనక్కి తీసుకున్నదాన్ని ఇంకొకరు మళ్లీ వెనక్కి తీసుకున్నారు. అంటే చెడ్డ మార్పు మళ్లీ వచ్చి కూర్చుంది. తగ్గిన జబ్బు అక్కడక్కడా తిరగబెట్టింది. ఈ సంగతి వాళ్లే దాచకుండా రాశారు. పిన్నీసు పట్టుకున్న నాకు అది చదివాక కాస్త ఊరట కలిగింది.

2024 జులై 19న శంషాబాద్‌లో విమానం ఎక్కినవాళ్లలో కొందరికి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, గుర్తుందా? అది నెట్‌వర్క్ మార్పు కాదు, క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక ఫైలు. కానీ గుణపాఠం ఒకటే. ఉదయం 9.39కి పంపారు, 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అయినా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. పడిపోయిన వాటిలో చాలావాటికి ఆ దిద్దుబాటు చేరలేదు. అందుకోవాలంటే ముందు లేచి నిలబడాలిగా. ఒక్కొక్క దాని దగ్గరికీ మనిషి వెళ్లి సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

మన ఇంట్లో అయితే

ఆ రాత్రి నేను అడిగి రాసుకున్నవి, మీకూ పనికొస్తాయని.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. అదే వైఫై మీద ఫోన్‌లో నెట్ వస్తూ లాప్‌టాప్‌లో రాకపోతే, తప్పు లాప్‌టాప్‌ది. రౌటర్ జోలికి పోకూడదు. ఏదాంట్లోనూ రాకపోతే, రౌటరో, బయటి లైనో. 2025 ఆగస్టులో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు ఊళ్లో ఎంతమంది సెట్టింగులు మార్చుకుంటూ కూర్చున్నారో. తెగిన వైరుకి రోల్‌బ్యాక్ లేదు.

లాప్‌టాప్‌లో ఏదైనా మార్చే ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘ఆల్’ అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చినదాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. మార్చబోయే పెట్టెని కూడా. లాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుని గూగుల్ డ్రైవ్‌లో పెడితే ప్రయోజనం లేదు, నెట్ లేనప్పుడు అది తెరుచుకోదు. ఒకసారికి ఒక్క మార్పే. అది పని చేయకపోతే వెనక్కి తీసుకున్నాకే రెండోది.

విండోస్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ రీసెట్’ అని ఒకటుంది. చివరి అస్త్రం అది. నెట్‌వర్క్ అడాప్టర్లన్నిటినీ తీసేసి మళ్లీ పెడుతుంది, వైఫై పాస్‌వర్డులు మర్చిపోతుంది. వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి రావచ్చు. ఇంటినుంచి పనిచేసేవాళ్లు సోమవారం పొద్దున అది నొక్కారంటే ఆ పూట సెలవు పెట్టినట్టే. ఆఫీసు లాప్‌టాప్ అయితే అసలు ముట్టుకోకుండా హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయడం మేలు. సిస్టమ్ రీస్టోర్ ముందే ఆన్ చేసుకుని ఉంటే, మార్పుకి ముందు ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోవచ్చు. మన ఫొటోలు, ఫైళ్ల జోలికి అది రాదు.

చాలా రౌటర్లలో అడ్మిన్ పేజీలో ‘బ్యాకప్’ అని ఉంటుంది. నొక్కితే సెట్టింగులన్నీ ఒక ఫైలుగా వస్తాయి, అదే పేజీలో ‘రీస్టోర్’తో తిరిగి ఎక్కించొచ్చు. నాకు పదేళ్లుగా ఇంట్లో రౌటర్ ఉంది. ఆ బటన్ సంగతి ఆ రాత్రే తెలిసింది. కేబుల్ అబ్బాయి దగ్గర కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి.

పొద్దున అమ్మాయి లేచేసరికి లాప్‌టాప్ బాగుంది, రౌటర్ చచ్చి ఉంది. జరిగింది చెప్పాను. “నాన్నా, నిన్ను ఎవరు చేయమన్నారు?” అంది. ఇంకేం అనలేదు, అదే నయం. నా ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, హాట్‌స్పాట్ వేసి, బాల్కనీ పక్కన సిగ్నల్ బాగా వచ్చే చోట కుర్చీ వేశాం. ఇంటర్వ్యూ యాభై నిమిషాలు జరిగింది. ఆ యాభై నిమిషాలూ ఎవరూ ఫోన్ చేయకూడదని నేను దేవుణ్ణి వేడుకుంటూ వంటింట్లో నిలబడ్డాను. ఒక్క లోన్ కాల్ వచ్చినా నెట్ తెగుతుందేమోనని భయం. రాలేదు.

పదకొండున్నరకి కేబుల్ అబ్బాయి వచ్చి, రెండు నిమిషాల్లో రౌటర్ సరిచేశాడు. పోతుంటే ఆపి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగాను. వింతగా చూసి, బిల్లు వెనక రాసిచ్చాడు. అది ఇప్పుడు రౌటర్ కింద ఉంది. దాని పక్కనే మా అమ్మాయి అంటించిన ఇంకో చీటీ ఉంది: ‘నాన్న ముట్టరాదు’.

ఫలితం పది రోజుల్లో చెబుతామన్నారు. ఇవాళ్టికి ఆరో రోజు.